నేల అందని తీగ

ముందు గ్రైండర్. ఆ తర్వాత మోత. ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి అదుముకుని, రికార్డింగును వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. వంటింట్లో గ్రైండర్ రాయి ఘుర్రుమని తిరగడం మొదలైంది, ఆ వెంటనే హాల్లో నా ఒళ్లో ఉన్న గిటార్‌లోంచి కందిరీగల తుట్టె కదిలినట్టు మోత లేచింది, గ్రైండర్ ఆగింది, మోత సద్దుమణిగింది. మళ్లీ గ్రైండర్, మళ్లీ మోత. పోయిన ఆదివారం తాండూరులో మా ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసింది ఇది. వికారాబాద్‌లో నా గదిలో చేసిన రికార్డింగుతో పోల్చి చూడమని అంజలి చెబితే, పండక్కి ఇంటికి పోయే రైల్లో వినొచ్చని అట్టే పెట్టుకున్నాను. ఎండాకాలం నుంచీ ఈ మోత ఎక్కడిదా అని గిటార్ పొట్ట విప్పి వెతుకుతున్నాను. మోత గిటార్‌ది కాదు. మా ఇంటిది. గ్రైండర్ మోటారులో ఎక్కడో తీగ మీది తొడుగు ఊడి కరెంటు దాని ఇనుప ఒంటికి తగులుతోంది. ఆ కరెంటు ఎర్త్ తీగ పట్టుకుని నేలలోకి దిగిపోవాలి. దిగడం లేదు. దిగే దారి లేక, గోడల్లో ఉన్న అదే ఎర్త్ తీగ వెంట పాకి హాల్లోకి, నా ఆంప్లిఫయర్‌లోకి, గిటార్ తీగల్లోకి వస్తోంది. ఇక్కడిదాకా ఆలోచించి, చిక్కుముడి విప్పానన్న సంతోషంతో కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను కూడా. రైలు అప్పుడే వికారాబాద్ ప్లాట్‌ఫారం చివర దాటుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఈరోజు వరలక్ష్మీ వ్రతం. నానమ్మ మడిలో ఉంటుంది.

మడి అంటే మా ఇంట్లో తలస్నానం చేసి, తడిపి పిండిన చీర కట్టుకుని, నైవేద్యం అయ్యేదాకా వంట సామాను తప్ప ఎవరినీ, దేన్నీ ముట్టుకోకపోవడం. డెబ్బై దాటినా నానమ్మ ఈ ఒక్కరోజు వంట ఇంకొకరి చేతికి ఇవ్వదు. గ్రైండర్ ముట్టుకుంటే జుమ్ముమంటోందని ఎండాకాలంలో నానమ్మే మొదట చెప్పింది. ఇంటికి కొత్తగా పరిపించిన పాలిష్ రాయి మీద నాన్నకు మహా గర్వం. "కొత్త రాయి గదమ్మా, జర లాగుతది, చెప్పులేసుకుంటే ఏం గాదు" అని ఒక జత నీలం రబ్బరు చెప్పులు తెచ్చి గ్రైండర్ కింద పెట్టాడు. అవి వేసుకుని రుబ్బితే నిజంగానే ఏమీ కాలేదు. అవి గ్రైండర్ చెప్పులయ్యాయి. ఇంకెవరూ తొడగరు, ఇంకో పనికి వాడరు. ఈరోజు మాత్రం అవి వంటింటి గడప లోపల ఉండవు. మడి రోజు చెప్పులేమిటి. తడిచీర, తడి చేతులు, తడి రాయి, ఉత్త కాళ్లు. రైలెక్కే ముందే అమ్మ ఫోన్‌లో చెప్పింది: "నేను బొట్టు చెప్పొస్తనే. నానమ్మ స్నానానికి పోయింది, రాంగనే గారెల పప్పు గ్రైండర్ల ఏస్తది." తాండూరు ఇంకా గంట దూరంలో ఉంది.

అమ్మకు చేశాను. మోగుతోంది. బొట్టు చెప్పడానికి పోయేటప్పుడు అమ్మ చేతిలో కుంకుమ భరిణ తప్ప మరేదీ ఉండదు, ఫోన్ దేవుడి గూటి పక్కన చార్జింగులో ఉంటుంది. అంటే అది ఇంట్లోనే మోగుతోంది. నానమ్మ అది వింటోంది, విని, ఎవరో మళ్లీ చేస్తారులే అనుకుంటోంది. మడిలో ఫోన్ ముట్టుకోదు. నాలుగడుగుల దూరంలో నేను అరుస్తున్నాను, ఆమెకు అది గంట మాత్రమే. నాన్నకు చేశాను. పెసలు వస్తున్న రోజులు, గంజ్‌లో ధాన్యం వేలం పాట నడుస్తుంటే మా దశరథం సేటు జేబులో ఫోన్ మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే. మళ్లీ అమ్మకు, మళ్లీ నాన్నకు. పక్కింటివాళ్ల నంబర్ లేదు. ఆ గోడ మీది నుంచి చెయ్యి చాపి కరివేపాకు తెంపుకున్నదాన్ని, వాళ్ల నంబర్ ఎందుకు లేదు నా దగ్గర. వేళ్లు అంజలి పేరు మీద ఆగాయి. అంజలి నాతోపాటు వికారాబాద్‌లో అదే స్కూల్లో పాఠాలు చెబుతుంది. నా చేత గిటార్ పట్టించింది తనే.

"ఏంది సేటమ్మా, ఇల్లు ముట్టనే లేదు, అప్పుడే యాదికొచ్చిన్నా" అంది. చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, గ్రైండర్, ఎర్త్, మడి, చెప్పులు, అన్నీ కలగలిపి చెప్పాను. అటువైపు నవ్వు ఆగిపోయింది. "మల్లేశ్ తాండూర్ బస్టాండ్ల ఉంటడు. నీ ఇల్లేడ, గుర్తులు చెప్పు, జల్ది." మల్లేశ్వర్ తన తమ్ముడు. దోమ అనే ఊరిలో గొర్రెలు కాసే ఇల్లు వాళ్లది. అతను మందను తండ్రికి వదిలేసి తాండూరు, పెద్దేముల్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. చెప్పాను. గంజ్ వెనక గల్లీ, పసుపు రంగు గేటు, వరండాలో మీటర్, మీటర్ కింద మెయిన్ స్విచ్. ముందు అది ఆపాలి. ఆపకుండా లోపలికి పోవద్దు. ఎవరినీ ముట్టుకోవద్దు. ఆమె కింద పడి ఉన్నా సరే, మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవులే దాన్ని నమ్మలేదు. అంజలి "విన్న, పెట్టెయ్" అంది, ఇంకేదో అనబోయింది, అప్పుడు రైలు అనంతగిరి అడవిలోకి మళ్లింది, ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి.

సిగ్నల్ లేదు. ఇక చేయగలిగింది లేదు. వానకు తడిసిన టేకు చెట్లు కిటికీని రాసుకుంటూ పోతున్నాయి. పచ్చగా, ఏ తొందరా లేకుండా. ఒళ్లో గిటార్ సంచీ ఉంది. దాని మెడ పట్టుకుని కూర్చున్నాను, పసిపిల్ల మెడ కింద చేయి పెట్టినట్టు. కరెంటు ఎలా పోతుందో నాకు తెలుసు, ఎండాకాలమంతా చదివింది అదే. గిటార్ తీగలు కింది కొసన బ్రిడ్జి అనే చిన్న వంతెన దగ్గర ముడిపడతాయి, ఆ వంతెన కింద వెంట్రుకంత రాగి తీగ ఒకటి చెక్కలో దాక్కుని, కేబుల్ దూర్చే జాక్ దాకా పోతుంది, జాక్ నుంచి కేబుల్ మీది అల్లిక, అల్లిక నుంచి ఆంప్లిఫయర్ ఇనుప పెట్టె, పెట్టె నుంచి ప్లగ్గులో లావుపాటి మూడో పిన్ను, పిన్ను నుంచి గోడలో పచ్చ తీగ, తీగ నుంచి నేల. గాలిలో ఎప్పుడూ ఏదో ఒక రొద తిరుగుతుంటుంది, ట్యూబ్‌లైట్లది, ఫ్యాన్లది, వీధి తీగలది. మనిషి ఒళ్లు దాన్ని పట్టుకుని గిటార్‌కు అంటిస్తుంది. చేయి తీగల మీద పెడితే ఆ రొద తీగల గుండా నేలలోకి దిగిపోతుంది, గిటార్ చల్లబడుతుంది. వికారాబాద్ గదిలో అలాగే జరిగేది. వేలు ఆనగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే ఒక్కోసారి వాయించకుండా ఊరికే తీగల మీద అరచేయి ఆనించి కూర్చునేదాన్ని. తాండూరులో చేయి పెట్టినా మోత ఆగేది కాదు. పైగా వేలి కొసల్లో చీమలు పాకేవి.

పాకితే ఏమనుకున్నాను. వంతెన కింద తీగ తెగిందనుకున్నాను. మా హాల్లో పాత దుప్పటి పరిచి గిటార్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, స్క్రూలు విప్పి స్టీలు గిన్నెలో వేసి, తెల్ల ప్లాస్టిక్ రేకు ఎత్తాను. నానమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని టార్చి పట్టుకుంది. "నీ వీణె కడుపుల ఇన్ని పేగులున్నయా" అంది. వంతెన దగ్గర టంకం పగిలినట్టు కనిపించింది. కొత్తగా కొన్న టంకం కడ్డీ వేడెక్కి చుయ్యిమని పొగ లేచింది, నానమ్మ పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది కానీ టార్చి పక్కకు జరపలేదు. తెల్లగా బొట్టులా మెరిసింది టంకం. బిగించి వాయించాను. మోత. తర్వాతి ఆదివారం లోపలి గోడలకు రాగి టేపు అంటించాను, దేవుడి పటానికి రేకు తొడిగినట్టు. మోత. ఆ తర్వాత జాక్ మార్చాను, కేబుల్ మార్చాను. ప్రతిసారీ వికారాబాద్‌కు తెస్తే బంగారంలా పలికేది, అంజలి విని "దీనికి మీ ఊరు పడుతలేదు పిల్లా" అనేది, నేను నా పనితనానికి మురిసిపోయేదాన్ని, మళ్లీ తాండూరులో ప్లగ్గు పెడితే మోత. ఒకసారి నానమ్మ తనే వేలు చాచి తీగ ముట్టుకుంది. చటుక్కున లాక్కుని నవ్వింది. "ఇది గూడ నా గ్రైండర్ తీర్గనే కుడుతాందే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. చెప్పులు తెచ్చి ఇస్తాను ఆగు అంది. ఆ నవ్వు ఇప్పుడు చెవుల్లో ఉంది. అదే ఆఖరిదైతే. లేదు. ఆ మాట లోపలికి రానివ్వను. ఇంకో సంగతి ఆలోచించాలి. పైపు. పైపు ఏమైంది.

పెరట్లో జామచెట్టు పక్కన ఉండేది పైపు. నా చిన్నప్పుడు ఇంటికి కరెంటు పని చేసినవాళ్లు మనిషి లోతు గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి, మధ్యలో ఇనుప పైపు దింపి, పచ్చ తీగ దానికి బిగించి, ఎండాకాలం దీనికి నీళ్లు పోయాలమ్మా అని చెప్పిపోయారట. మా ఊరిలో జానెడు మట్టి తీస్తే కింద రాయే, పొరలు పొరలుగా రాయి, మట్టి తడి నిలవదు. నానమ్మ ఆ మాటను ఒట్టు పట్టినట్టు పట్టింది. తులసికి ఒక చెంబు, పైపుకు ఒక చెంబు. మేము పిల్లలం ఆ పైపు కూడా దేవుడే అనుకుని దండం పెట్టేవాళ్లం. ఈ ఎండాకాలం నాన్న వంటింటి నుంచి పెరడు చివర దాకా కొత్త రాయి పరిపించాడు. రాయి పుట్టే ఊరిలో మట్టి కనబడితే నామోషీ, ఎవరింటికి పోయినా వాకిలి నుంచి దొడ్డి దాకా నీలపు రాయి అద్దంలా మెరుస్తుంటుంది, మా పెరడొక్కటే మిగిలింది. పైపు రాయికి అడ్డమొచ్చింది. పరిచేవాళ్లు అడిగితే నాన్న కోసేయమన్నాడు. కోసి, తీగ కొస లోపలికి మడిచి, పైన పలక పరిచి, సిమెంటు పూసి, సాపు చేశారు. ఎంత నున్నగా వచ్చిందంటే పైపు ఎక్కడుండేదో ఇప్పుడు నేను కూడా చూపించలేను. నానమ్మ ఆ రోజు చెంబు పట్టుకుని కాసేపు పెరట్లో తిరిగి, ఆ నీళ్లు కూడా తులసికే పోసి లోపలికి వచ్చింది. ఆ వారంలోనే గ్రైండర్ కుట్టడం మొదలైంది. కొత్త రాయి లాగుతోందని అందరం నమ్మాం. చెప్పులు కొన్నాం. ఇంటి కింద నుంచి నేలను తీసేసి, కాళ్ల కింద రబ్బరు పెట్టుకుని బతికాం.

ఒక వీడియోలో ఎవరో చెప్పాడు, ఆంప్లిఫయర్ ప్లగ్గులో మూడో పిన్ను విరిచేస్తే మోత పోతుందని. నిజమే, పోయేది. గోడలో తీగకూ నా గిటార్‌కూ బంధం తెగిపోయేది, గ్రైండర్ ఎంత తిరిగినా హాల్లో నాకు వినబడేది కాదు. పట్టకారు కూడా చేతిలోకి తీసుకున్నాను. అంజలి గదిలోకి వచ్చి చూసి, పట్టకారు లాక్కుని బీరువా మీద పెట్టింది. "మోత పోయిందనుకుంటవ్, నీకు ఇనబడుతలేదు గంతే. దాని నోరు మూసుడు ఎందుకే, ఏమంటుందో ఇను. రెండు జాగల రికార్డు చెయ్యి." ఆ రికార్డింగే ఇది. పట్టకారు ఇప్పటికీ బీరువా మీదే ఉంది.

ఎదురు సీటులో ఒక పెద్దావిడ, కర్ణాటక వైపు పోతున్నట్టుంది, నా ముఖం చూసి "ఏనాయ్తు తంగీ" అంది. ఏమైందని అడుగుతోందని తెలిసేంత కన్నడమే నాకు వచ్చు. తల అడ్డంగా ఊపాను. ఆవిడ నీళ్ల సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది, తాగేదాకా చూసింది, ఆ తర్వాత ఏమీ అడగలేదు. ఎక్కడికి పోతుందో, పేరేమిటో తెలియదు. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే మనసులో లెక్కలు మళ్లీ మొదలయ్యాయి. స్నానం అయి ఉంటుంది. జుట్టు కొసన ముడి వేసుకుని ఉంటుంది. నానబెట్టిన పప్పు నీళ్లు వంపుతూ ఉంటుంది. పప్పు గ్రైండర్‌లో వేసి బటన్ నొక్కుతుంది. బటన్ నొక్కితే ఏమీ కాదు, అది ప్లాస్టిక్. రాయి తిరుగుతుంటే పప్పు అంచులకు ఎక్కుతుంది. అప్పుడు చేయి తడుపుకుని దాన్ని లోపలికి తోస్తుంది, ఆ చేతి మణికట్టు ఇనుప అంచుకు తగులుతుంది. ఎప్పుడూ తగులుతుంది. అక్కడ నా మనసు ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు, అరిగిన క్యాసెట్‌లా అదే చేయి, అదే అంచు.

ధారూర్ రాకముందే ఫోన్ వణికింది. తెలియని నంబర్.

"అక్కా, మల్లేశ్‌ని. గేటు కాడున్న."

"మెయిన్ ఆపినవా?"

"ఆగు, తీస్తున్న గేటు. మీటరు కనబడ్డది. ఆఁ, ఆపిన. మొత్తం కిందికి గుంజిన."

"లోపల్నించి సప్పుడు వస్తుందా?"

"ఏం సప్పుడు లేదక్కా."

ఏం సప్పుడు లేదు. రైలు పెట్టెలో అందరూ మాట్లాడుకుంటున్నారు, ఎవరో వేరుశనగలు ఒలుస్తున్నారు, నాకు ఏం సప్పుడు లేదు. పిలువు మల్లేశ్, అన్నాను. అతని చెప్పులు వరండాలో టపటపలాడాయి. "అవ్వా" అని పిలిచాడు. ఇంకా గట్టిగా, "అవ్వా, ఇంట్ల ఉన్నవా" అన్నాడు. ఏమీ లేదు. నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు దూరంగా, గదులు దాటి, పళ్లెం కిందపడినంత స్పష్టంగా వినబడింది ఆ గొంతు.

"ఎవడ్రా కరెంటు తీసింది?"

"నేనే అవ్వా. మల్లేశ్‌ని. సాహితక్క తియ్యమన్నది."

"సాహితి వికారాబాద్‌ల ఉంటే నువ్వు నా ఇంట్ల కరెంటు తీసుడేంది? ఆగు, ఆడనే ఆగు, గడప తొక్కకు, మడిలున్న. స్నానం జేసి రాంగనే ఆ మొగులమ్మ బకెట్ తెచ్చుకుంట నాకు తగిలిపాయె, మళ్ల తలమీద పోసుకుంటి, ఇగ ఇప్పుడు తీరి పప్పు ఏస్తి, రాయి తిరగవట్టె, చెయ్యి పెట్టబోతి, నువ్వు కరెంటు తీస్తివి. ఎవరి పోరనివి నువ్వు? కరెంటాఫీసోనివా?"

"కాదవ్వా, ఆటో నడుపుత."

"ఆటో నడిపెటోనికి మా ఇంట్ల మీటర్‌తోటి ఏం పని?"

మల్లేశ్వర్ ఫోన్ స్పీకర్ మీద పెట్టి పట్టుకున్నాడు. నేను నానమ్మా అంటూనే ఏడ్చేశాను. "ఏడుస్తున్నవేందే" అంది నానమ్మ, "పండుగనాడు ఏడుస్తరా." గ్రైండర్ ముట్టుకోకు అని మాత్రం చెప్పగలిగాను. ఎందుకని అడిగింది. వచ్చి చెబుతానన్నాను. "పప్పు సగం నలిగింది, గిట్ల ఆగితే గారెలు రావు" అంది. మల్లేశ్వర్ పక్క నుంచి "రోట్లె రుబ్బుకో అవ్వా, మా అమ్మ ఇంకా రోలే వాడుతది" అన్నాడు. "సలహాలు గూడ చెప్తున్నడు" అంది నానమ్మ, గొంతులో కోపం సగానికి దిగింది.

ధారూర్‌లో రైలు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, కదిలింది. నీళ్లిచ్చిన ఆవిడ నా ముఖం చూసి తనూ నవ్వింది, ఏమీ తెలియకుండానే. కిటికీ బయట చేలన్నీ కడిగినట్టున్నాయి, కంది మొక్కలు మోకాలెత్తున లేచాయి, ఒక గొర్రెలమంద పట్టాల పక్కన మేస్తూ తలెత్తి చూసింది. ఇవన్నీ ఇందాక కూడా ఉండే ఉంటాయి. మొగులమ్మ మా ఇంట్లో పనిచేయబట్టి నాకు తెలిసినంత కాలమైంది. మడి రోజు ఆమె గోడకు అతుక్కుని నడుస్తుంది, ఎక్కడ తగులుతానోనని. ఈరోజు బకెట్ బరువుకు ఒరిగి తగిలింది. నానమ్మ తిట్టి ఉంటుంది, మొగులమ్మ ముఖం మాడ్చుకుని ఇంటికి పోయి ఉంటుంది, నానమ్మ గొణుక్కుంటూ మళ్లీ స్నానాల గదిలోకి పోయి ఉంటుంది. ఆ రెండో స్నానం పట్టినంత సేపట్లో మల్లేశ్వర్ బస్టాండ్ నుంచి మా గల్లీకి వచ్చాడు. మొగులమ్మ గోడకు ఇంకొంచెం అతుక్కుని నడిచి ఉంటే. ఆమె కనబడగానే ఏమనాలో తెలియడం లేదు, తగిలినందుకు నీకు దండం మొగులమ్మా అంటే నాకు పిచ్చెక్కిందనుకుంటుంది. అన్నా సరే, అంటాను.

ఈ గిటార్ కూడా. నేను కొనాలనుకున్నది ఇది కాదు, బోలుగా చెక్కతో ఉండేది, ప్లగ్గు అక్కర్లేనిది, పడకగదిలో ఎవరికీ వినబడకుండా వాయించుకునేది. అంజలి కొట్లోనే గొడవ పెట్టుకుంది. "నువ్వు పుట్టినకాడికెల్లి మెల్లగ మాట్లాడుడే. జర గల్లీ మొత్తానికి ఇనబడేది కొను" అంది. కొట్టువాడు కూడా తన పక్కే చేరాడు. వాళ్లిద్దరి మాట కాదనలేక, అందులోనూ రంగు బాగుందని, ఎర్రగా మందారపువ్వులా ఉందని ఇది కొన్నాను. ఆ చెక్క గిటార్ అయితే మా హాల్లో తియ్యగా, సన్నగా మోగేది, గోడల్లో ఏం పాకుతోందో దానికి తెలిసేది కాదు. ఇది చవకది, లోపల పనితనం అంతంతే, ఏ రొద దొరికినా పట్టుకుని గొంతెత్తుతుంది. ఎంత విసుక్కున్నాను దీన్ని. అమ్మేస్తానన్నాను. ఎండాకాలం నుంచీ వారం వారం మా ఇంట్లో కూర్చుని ఒకే మాట చెబుతూనే ఉంది ఇది, నేను దాని నోట్లో గుడ్డలు కుక్కే పనిలో ఉన్నాను. సంచీ జిప్పు కొంచెం తీసి, వేళ్లు లోపలికి పోనిచ్చి, తీగల మీద అరచేయి పెట్టాను. ఆంప్లిఫయర్ లేదు, కరెంటు లేదు, ఉత్త ఇనుప తీగలు. రైలు కుదుపుకు సన్నగా వణుకుతున్నాయి.

రుక్మాపూర్ దాటాక నాన్న ఫోన్. "ఏందమ్మా, గిన్ని మిస్డ్ కాల్లు" అన్నాడు, వెనక వేలం అరుపులు వినబడుతున్నాయి. చెప్పాను, ఈసారి వరుసగా చెప్పగలిగాను. పైపు దగ్గరికి వచ్చేసరికి వేలం అరుపులు దూరమయ్యాయి, ఆయన గంజ్ బయటికి నడుస్తున్నాడు. "ఇంటికి పోతున్న" అన్నాడు, "రాయి పలగ్గొట్టిస్త." ఆ రాయిని గల్లీలో ప్రతివాడినీ పిలిచి చూపించిన మనిషి.

తాండూరు స్టేషన్ బయట మల్లేశ్వర్ ఆటోతో నిలబడి ఉన్నాడు. అంజలి కళ్లే, అంజలి నోరే. నేను చేతులు జోడించబోతే గిటార్ సంచీ లాక్కుని వెనక సీట్లో పెట్టాడు. "మీ అవ్వ నన్ను మస్తు తిట్టింది అక్కా. మా అమ్మ గూడ గన్ని తిట్లు తిట్టలే. మళ్ల గేటుదాక పోతుంటే పిలిచి, పొద్దుమూకి గారెలు తినిపోరా అన్నది. నాకేం సమజ్ కాలే." పప్పు మిల్లుల పక్కగా, నాపరాళ్ల గోదాముల ముందుగా ఆటో పోతుంటే ఊరంతా శనగపిండి, రాతిపొడి కలిసిన వాసన. చిన్నప్పటి నుంచీ ఉన్న వాసనే. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి పెరట్లో గడ్డపార దెబ్బలు వినబడుతున్నాయి. ఇద్దరు మనుషులు పలకలు పగలగొడుతున్నారు, పైపు ఎక్కడుందో తెలియక నాన్న అంచనాగా చూపిస్తున్నాడు, అప్పటికే నాలుగు చోట్ల అద్దంలాంటి రాయి ముక్కలై లేచింది. ఆయన నా వైపు చూసి మళ్లీ నేల వైపు తిరిగాడు. అమ్మ వరండాలో కుంకుమ భరిణ పట్టుకుని అలాగే నిలబడి ఉంది, బొట్టు చెప్పి వచ్చి ఆ సంగతి విన్నప్పటి నుంచీ దాన్ని కింద పెట్టడం మరిచిపోయినట్టుంది. నేను తిన్నగా వంటింటి గడప దగ్గరికి పోయాను.

కరెంటు లేక వంటింట్లో సగం చీకటి. గ్రైండర్‌ను గోడ వైపు తోసేసి ఉంది. నానమ్మ నేల మీద పాత రోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతోంది. ఒంటి మీద తడిచీర ఇంకా పూర్తిగా ఆరలేదు, మోచేతుల దాకా పప్పు. తలెత్తకుండానే, "రైలు బట్టలు. గడప దాటకు" అంది. దాటలేదు. దాటితే మడి పోతుంది, పప్పు పారబోయాలి, స్నానం మళ్లీ మొదటికి. తలుపు చెక్క పట్టుకుని నిలబడి చెప్పాను. మోటారు సంగతి, పైపు సంగతి, గిటార్ సంగతి. వింటూనే పొత్రం తిప్పింది. "ఏం గాలేదు గద" అంది. అవును నానమ్మా అన్నాను. "మరింకేంది. పో, మొఖం కడుక్కో." పోలేకపోయాను. రైల్లో మనసులో పదేపదే ఆ చేయి ఇనుప అంచుకు తగలడం చూశాను, ఇప్పుడు అదే చేయి పొత్రం చుట్టూ తిరుగుతోంది, దాన్ని చూస్తూ నిలబడటం తప్ప ఇంకో పని నాకు చేతకావడం లేదు. తలుపు చెక్క గొళ్లెం సన్నగా టకటకలాడుతోంది. ఎందుకా అనుకున్నాను. నా చేయి వణికి.

నానమ్మ పొత్రం ఆపింది. గొళ్లెం వైపు చూసింది. నా ముఖం చూసింది. చేతులు నేలకు ఆనించి మెల్లగా లేచి, పప్పు చేతులతోనే గడప దాకా వచ్చింది. నానమ్మా మడి, అన్నాను, వెనక్కి జరిగాను. ఆమె ఇంకో అడుగు వేసి నా రెండు చేతులూ పట్టుకుంది. పప్పు జిగురు, తడి, చల్లదనం, ఆ కింద వెచ్చగా ఆమె అరచేతులు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. గొళ్లెం చప్పుడు ఆగింది. ఆ తర్వాత, చేతులు వదలకుండానే, నా భుజం మీది నుంచి వరండాలో ఉన్న అమ్మను కేకేసింది.

"వాసవీ, హౌజుల నీళ్లున్నయా చూడు. కరెంటు ఎట్లాగు లేదు, సల్లనీళ్లే పోసుకుంట."